నాలుగో జ్వరం తరువాత

ఆ రోజు మాకలగుంట వాళ్ళ విచారణ.
బెంగళూరు, మూడో అంతస్తు, పొద్దున పదకొండు.
నేను రాసుకునేవాణ్ణి.
అధికారి కన్నడంలో అడుగుతాడు,
వాళ్ళూ కన్నడంలోనే చెబుతారు,
కోపమొచ్చిన చోట తెలుగొస్తుంది.
అక్కడ నేను కావాలి.

కదిరక్క నెత్తిన తట్టతో వచ్చింది.
సెక్యూరిటీ కుర్రాడు భోజనమనుకుని
గుడ్డ ఎత్తి చూసి వెనక్కి గెంతాడు.
పట్టుపురుగులు.
నాలుగో జ్వరం తీరి ఆరో రోజు,
వేలెడు పొడుగు, వెయ్యి నోళ్ళు.
ఒకటో రెండో పండుతున్నాయి,
మెడ కింద గాజులా మెరుస్తూ.

"ఊరందర్నీ ఒకే దినం పిలిస్తిరి,
ఆకేసే చెయ్యి ఒకటీ మిగల్లేదు సామీ.
మిగతావి చంద్రికలెక్కేసినాయి.
ఇవి వెనకబడినవి. వీటికింకా ఆకలి."

బస్సులో తనకు సున్నా టికెట్టు,
తట్టకు లగేజీ ముప్పై రూపాయలు.
ఆ చీటీ తీసి బల్ల మీద పెట్టింది.
సర్కారు ఆమెకిచ్చిన కాగితం అదొక్కటే.

పహణీ తీశాం.
సర్వే నంబరు నూట పద్దెనిమిది బై రెండు.
తొమ్మిదో గడిలో ఉన్న పేరు
జయనగరంలో ఉంటుంది,
మొన్న కార్లో వచ్చి ఒప్పుకుని వెళ్ళింది.
పన్నెండో గడి, సాగు చేసేవారు:
అక్కడ "స్వంతం" అని ఉంది.

"ఇరవై రెండేళ్ళు గుత్తకు చేసినా.
కడ్డీలు నాటింది ఈ చెయ్యి."
చెయ్యి చాపింది.
ఆకు పసరుకు గోళ్ళు నల్లబడి ఉన్నాయి.
చేతికి గడి లేదు.

అధికారి చెడ్డవాడు కాదు.
షుగరు మనిషి, పన్నెండుకు మాత్ర వేసుకోవాలి,
పొద్దు గుంకేలోగా తొంభై ఒక్క పేర్లు అవ్వాలి.
పేరుకు నాలుగు నిమిషాలు.
"చెప్పేదేదో నేరుగా చెప్పమ్మా."

ఆమె చెప్పలేదు.
సంచిలోంచి ఆకు తీసి
తట్టలో పరిచింది.

అప్పుడు వినిపించింది.
మొదట ఏసీ అనుకున్నాం.
తరువాత వాన కాబోలని కిటికీ వైపు చూశాం.
బయట ఎండ పేలుతోంది.
ఎండిన కందిచేల మీద తుప్పర పడ్డట్టు
గది నిండా నమిలే చప్పుడు.
వరండాలో గోలగోలగా ఉన్న ఊరు
ఊరంతా నోరు మూసుకుంది.
అధికారి పెన్నుకు మూత పెట్టి విన్నాడు.
ఎంతసేపో నేను గడియారం చూడలేదు.

"చలికి తినడం మానేస్తాయి," అంది కదిరక్క,
"ఆ మిషను ఆపండి."
ఆపారు.
ఆ రోజు మంజూరైన విన్నపం
అదొక్కటే.

నేనేం రాశానంటే:
హాజరు. పత్రాలు లేవు. పహణీలో పేరు లేదు.
ఆక్షేపణ: నిల్.
చప్పుడును ఎలా రాయాలో తెలియలేదు
అని ఇంట్లో చెప్పాను.
అబద్ధం. తెలుసు.
మార్జిన్లో ఒక వాక్యం పట్టేంత చోటు కూడా ఉంది.

వారం పోయాక ర్యాకులో ఫైళ్ళు సర్దుతుంటే
మాకలగుంట కట్టలో, రెండు అట్టల మధ్య,
పసుపు గూడు.
తట్టలోంచి ఎప్పుడు జారిందో,
ఎన్ని నోటీసుల మీద పాకిందో,
ఎవర్నీ అడక్కుండా ఇల్లు కట్టేసుకుంది.

శిడ్లఘట్ట మార్కెట్లో తెలిసినవాడికి ఫోన్ చేశాను.
"రేటెంత నడుస్తోంది?"
"ఎన్ని కిలోలు సార్?"
"ఒకటి. ఒక్క గూడు."
నవ్వాడు.
ఒక్క గూటికి ధర కట్టరట.

సొరుగులో దూది మీద పెట్టాను.
మాకలగుంటకు బుల్డోజర్లు వెళ్ళే తేదీ
నా చేత్తోనే టైపు చేశాను, అదే బల్ల మీద,
అదే మధ్యాహ్నం.

పొద్దున చెవి దగ్గర పెట్టుకుంటే
లోపల ఏదో గీరుతోంది.
సాయంత్రం అందరూ వెళ్ళాక
ఏసీ ఆపి,
సొరుగు వేయకుండా వచ్చేశాను.